లేడీ మాక్బెత్‌ను దుష్టపాత్రగా పాఠం చెప్పడం న్యాయమేనా?

వేకువ:
డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు సాహిత్యం చెబుతాను. ఈసారి షేక్‌స్పియర్ మాక్బెత్ నాటకం (స్కాట్లండ్ సేనాని మాక్బెత్ తన రాజు డంకన్‌ను చంపి గద్దెనెక్కే కథ) మీద రాసిన సమాధాన పత్రాలు దిద్దుతుంటే ఒకే వాక్యం పదే పదే ఎదురైంది: "మంచివాడైన మాక్బెత్‌ను భార్య అత్యాశతో చెడగొట్టింది." పిల్లలను తప్పు పట్టలేను. గైడ్లలో అలాగే ఉంది, మేము చదువుకునే రోజుల్లోనూ అలాగే చెప్పారు. కానీ ఆ వాక్యానికి మార్కులు వేయడానికి నాకు చేయి రావడం లేదు.

నాటకం తెరిచి చూడండి. రాజువవుతావని మంత్రగత్తెలు చెప్పగానే, ఇంకా భార్య ముఖమైనా చూడకముందే, హత్య ఊహ అతని మనసులోకి వచ్చేసింది. ఆ ఊహకే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని తానే చెప్పుకుంటాడు. ఈ మాట మొదట ఎత్తింది నువ్వే కదా అని ఆమె నిలదీస్తే అతను కాదనడు. పాలు తాగే బిడ్డను లాగి తల పగలగొట్టేదాన్ని అన్న మాటనే అందరూ ఉదహరిస్తారు. "నీలా నేను ప్రమాణం చేసి ఉంటే" అని ఆ మాట చివర ఒక షరతు ఉంది. షరతు వదిలేసి మాటను మాత్రం గుర్తుపెట్టుకున్నాం.

అదే పత్రాల్లో మాక్బెత్ "విషాద నాయకుడు", ఆమె "నాలుగో మంత్రగత్తె". రాజును పొడిచినవాడికి ఒక కొలత, పొడవమన్నదానికి ఇంకొకటా?

రాతిపలక:
ఒప్పుకోలేను వేకువ గారూ. ఆమె చేతులతో చేసిన పనులు చూడండి. కాపలావాళ్ల పానీయంలో మత్తుమందు కలిపింది. బాకులు తీసి సిద్ధంగా పెట్టింది. భర్త వాటిని నెత్తురుతో వెనక్కి తెచ్చి, మళ్లీ ఆ గదిలోకి వెళ్లలేనంటే తానే పట్టుకెళ్లి, ఒళ్లు తెలియకుండా పడి ఉన్నవాళ్ల ముఖాలకు రక్తం పూసి వచ్చింది. తెల్లవారాక మాక్బెత్ ఆ ఇద్దరినీ చంపేశాడు. ఆ కాపలావాళ్లకు నాటకంలో పేర్లయినా లేవు. స్త్రీవాద దృష్టితో వచ్చిన వ్యాసాలు నేను చాలా చదివాను. ఈ ఇద్దరి గురించి ఒక్క పేరా రాసినవి తక్కువ.

ఆమెను బాధితురాలిని చేస్తే ఆమె బుద్ధినీ తెగువనూ లాగేసుకున్నట్టే. ఒథెల్లోలో అయాగోను ఎవరూ "పాపం" అనరు. అతని దుర్మార్గం అతనిదే అని ఒప్పుకుంటాం. ఆ గౌరవం ఈమెకూ ఇవ్వండి.

మండువా లోగిలి:
మన కైకేయిని గుర్తు చేసుకుంటే సరిపోతుందేమో. అక్కడా రాజ్యమే, భర్తే, మాట తప్పావన్న దెప్పిపొడుపే.

వేకువ:
లోగిలి గారూ, పోలిక తరగతిలో నేనూ చెప్పేదాన్ని, ఇప్పుడు మానేశాను. కైకేయి అడిగింది కొడుకు కోసం. ఈమెకు కళ్ల ముందు బిడ్డ లేడు. బిడ్డకు పాలిచ్చానని ఒక్కసారి అంటుంది, ఆ బిడ్డ ఏమయ్యాడో నాటకం చెప్పదు. కొడుకును సింహాసనం ఎక్కించే దారి లేని స్త్రీకి అధికారంలో మిగిలింది భర్త ఒక్కడే.

ఊరి గ్రంథాలయం:
చరిత్ర వైపు నుంచి రెండు మాటలు. చరిత్రలో మాక్బెత్ భార్య అయిన స్కాట్లండ్ రాణి పేరు గ్రూఖ్. మొదటి భర్త 1032లో తన మనుషులతో సహా కాలి చనిపోయాడు. ఆ పెళ్లి వల్ల పుట్టిన కొడుకు లూలాఖ్, మాక్బెత్ తర్వాత కొద్ది నెలలు రాజయ్యాడు కూడా. లోక్ లెవెన్ సన్యాసులకు భూమి దానం చేసిన పత్రంలో మాక్బెత్ పేరు పక్కన రాణిగా ఆమె పేరు ఉంది. నాటకంలో ఆ పేరే లేదు.

డంకన్‌ను 1040లో యుద్ధంలో చంపారు, పడకగదిలో కాదు. షేక్‌స్పియర్ ఆధారం చేసుకున్న హోలిన్‌షెడ్ చరిత్రలో మాక్బెత్ భార్య గురించి ఉన్నది దాదాపు ఒక్క వాక్యం: రాణి కావాలని తపించి భర్తను తొందరపెట్టిందని. పడకగది హత్య, కాపలావాళ్లకు మత్తు, ఉసిగొల్పే భార్య, ఇవన్నీ అదే గ్రంథంలో డోన్వాల్డ్ అనే మరొకడు డఫ్ రాజును చంపిన కథలోవి. అంటే ఇంకొక ఇల్లాలి పాపం తెచ్చి ఈమె ఖాతాలో వేశారు. అదే సమయంలో, హోలిన్‌షెడ్ కథలో హత్యకు తోడున్న బాంకోను (మాక్బెత్ తోటి సేనాని) నాటకంలో నిర్దోషిని చేశారు. అప్పుడు ఇంగ్లండు గద్దె మీదున్న మొదటి జేమ్స్ తనను బాంకో వంశంవాడిగా చెప్పుకునేవాడు మరి. మంత్రగత్తెల మీద 1597లో స్వయంగా పుస్తకం రాసిన రాజు. ఎవరి తప్పు తుడిచారో, ఎవరి మీద రాశారో ఇది చూస్తే తెలుస్తుంది.

రాతిపలక:
గ్రంథాలయం గారూ, సమాచారానికి ధన్యవాదాలు. కానీ చరిత్రలోని గ్రూఖ్ నిర్దోషి అయినంత మాత్రాన నాటకంలోని పాత్ర నిర్దోషి కాదు. మనం పాఠం చెప్పేది నాటకాన్ని.

తెర వెనుక:
నాటకాన్ని కాగితం మీదే చూస్తున్నారు అందరూ. షేక్‌స్పియర్ కాలంలో ఈ పాత్ర వేసింది అబ్బాయి. 1660 తర్వాతే ఇంగ్లండు రంగస్థలం మీదికి నటీమణులు వచ్చారు. "నాలోని ఆడతనం తీసేయండి" అని ఒక కుర్రవాడు చీకటి శక్తులను వేడుకుంటుంటే చూసినవాళ్లకు ఏమనిపించిందో ఊహించండి. 1785లో లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో నటి సారా సిడన్స్ ఈ పాత్ర నిద్రలో నడుస్తూ, చేతులకు లేని రక్తాన్ని కడుక్కునే రంగం ఆడింది. అంతకుముందు ఈ పాత్రలో పేరుపొందిన నటి ప్రిచర్డ్ ఆ రంగమంతా కొవ్వొత్తి చేతిలోనే పట్టుకునేది. సిడన్స్ దాన్ని కింద పెట్టింది, చేతులు కడుక్కోవాలి కదా అని. మార్చవద్దని మేనేజరు షెరిడన్ బతిమాలినా వినలేదు. ఆమె దృష్టిలో లేడీ మాక్బెత్ రాక్షసాకారం కాదు, సుకుమారి.

వేకువ:
తెర వెనుక గారు చెప్పిన ఆ ప్రార్థన దగ్గరే నా మాట ఉంది. క్రూరత్వం ఆమె స్వభావమే అయితే వేడుకోవడం దేనికి? నిద్రపోతున్న రాజు తన తండ్రిలా కనిపించకపోతే తానే చంపేదాన్నని తర్వాత అంటుంది. వేడుకున్నది దొరకలేదన్నమాట.

రాతిపలక గారూ, కాపలావాళ్ల విషయంలో మీరన్నది నిజం. నేను ఇన్నేళ్లూ ఆ రంగాన్ని దాటవేస్తూ వచ్చాను, ఇక దాటవేయను. మీరూ మూడో అంకం మొదటి రంగం మళ్లీ చదవండి. బాంకోను చంపడానికి పిలిపించిన వాళ్లతో మాక్బెత్ ఏమంటాడు? మీరు మగాళ్ల లెక్కలోకి వస్తారు సరే, ఆ లెక్కలో మీ స్థానం ఏపాటిది అని రెచ్చగొడతాడు. హత్యకు వెనకాడినప్పుడు నువ్వు మగాడివేనా అని భార్య తన మీద వాడిన ఆయుధమే అది. ఈసారి ఆమెకు చెప్పనైనా చెప్పడు, "తెలియకుండా ఉండు, తర్వాత మెచ్చుకుందువుగాని" అని బుజ్జగిస్తాడు. మొదటి అంకం ఉత్తరంలో "గొప్పతనంలో నా భాగస్వామి" అన్న మనిషి! విందు రంగం తర్వాత నిద్రలో నడిచే దాకా ఆమె మనకు కనిపించనే కనిపించదు. తనకు ఎదురుతిరిగిన ప్రభువు మాక్డఫ్ ఇంటిల్లిపాదినీ చంపించింది మాక్బెత్ ఒక్కడే.

రాతిపలక:
ఆ రంగం మళ్లీ చదివాను. ఆయుధం ఒకటే, ఒప్పుకుంటున్నాను. అయినా దాన్ని అతనికి అందించినది ఆమే, కాబట్టి దుష్టపాత్ర అన్న మాట వదులుకోను. ఆమె ఒక్కతే అన్న మాట మాత్రం వదులుకుంటాను.

వేకువ:
నాకు అంత చాలు. వచ్చే పరీక్షలో "లేడీ మాక్బెత్ గుణచిత్రణ చేయండి" అన్న ప్రశ్న తీసేస్తున్నాను. దాని స్థానంలో: "ఈ నాటకంలో 'మగతనం' అన్న మాటను ఎవరు, ఎవరితో, ఏ పని చేయించడానికి వాడారు?"

రాతిపలక:
మంచి ప్రశ్న. అందులో మాక్డఫ్ రాకపోతే మార్కులు తగ్గించండి. భార్యాబిడ్డలు చనిపోయారన్న కబురు విన్నప్పుడు, మగాడిలా ఎదుర్కో అంటాడు డంకన్ కొడుకు మాల్కం. ఎదుర్కొంటాను, కానీ మగాడిలా బాధ కూడా పడాలి కదా అంటాడు మాక్డఫ్. ఆ మాటను ఆ అర్థంలో వాడినది నాటకం మొత్తంలో అతనొక్కడే.