బెంగళూరు ఫైర్ సర్వీస్ కార్పొరేషన్ చేతికి ఇవ్వాలా, రాష్ట్రం దగ్గరే ఉంచాలా?

హొరమావు వాసి:
సూటిగానే అడుగుతున్నా, తిట్టుకోకుండా మాట్లాడుకుందాం. ఇక్కడ మంటలు అంటుకుంటే వచ్చేది రాష్ట్ర అగ్నిమాపక శాఖ బండి. అది హోం శాఖ కింద ఉంటుంది, 1964 నాటి కర్ణాటక ఫైర్ ఫోర్స్ చట్టంతో నడుస్తుంది. మనం ఆస్తి పన్ను కట్టేది మాత్రం కార్పొరేషన్‌కి. మొన్నటిదాకా బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె), 2025 సెప్టెంబర్ నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు. ప్లాన్ పాస్ చేసేది వాళ్ళు, ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేది వాళ్ళు, లోపలి రోడ్లు వాళ్ళవి, ఆ రోడ్ల మీద తలకి తగిలేలా వేలాడే కేబుళ్ళ సంగతి చూడాల్సిందీ వాళ్ళే. ఆ సందులో ఇరుక్కుపోయే ఫైర్ ఇంజన్ మాత్రం ఇంకొకరిది!

రాజ్యాంగ 74వ సవరణతో 12వ షెడ్యూల్ వచ్చింది కదా, నగరపాలక సంస్థలకి అప్పగించదగ్గ 18 పనుల జాబితా, అందులో ఏడోది ఫైర్ సర్వీసెస్. 1992 నాటి మాట అది. ముంబై, పుణె, అహ్మదాబాద్‌లలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌దే. మన దగ్గర ఎందుకు కాకూడదు? 2025 ఆగస్టులో నగరత్‌పేటలో కింద గోడౌన్, పైన కాపురాలు ఉన్న బిల్డింగ్ తగలబడి ఐదుగురు చనిపోయారు. ఆ సందులో గోడౌన్ ఉందని ముందే తెలియాల్సింది ఎవరికి? లైసెన్సులు చూసేవాళ్ళకి. ఆర్పేవాళ్ళకి మంట పుట్టాకే తెలుస్తుంది. రెండు పనులూ ఒకే చోటికి రావాలన్నది నా వాదన.

స్ప్రింక్లర్ పని:
అన్నా, రాజ్‌కోట్‌లో ఫైర్ బ్రిగేడ్ ఎవరిది? కార్పొరేషన్‌దే. టౌన్ ప్లానింగ్? అదీ కార్పొరేషన్‌దే. మీరు అడుగుతున్నది అక్కడ అచ్చంగా ఉంది. 2024 మే 25న గేమ్ జోన్‌లో 27 మంది కాలిపోయారు, చిన్నపిల్లలు కూడా. ఫైర్ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదని ఫైర్ వాళ్ళిచ్చే కాగితం, లేకుండానే అది నడిచింది, తర్వాత చీఫ్ ఫైర్ ఆఫీసర్‌తో సహా కార్పొరేషన్ అధికారుల్ని లోపలేశారు. 2019లో సూరత్ కోచింగ్ సెంటర్, 22 మంది విద్యార్థులు. 2017 డిసెంబర్‌లో ముంబై కమలా మిల్స్, 14 మంది. అన్నీ కార్పొరేషన్ ఫైర్ బ్రిగేడ్లు ఉన్న ఊళ్ళే.

నేను ఈ ఫీల్డ్‌లో పైపులు వేసి బతికేవాణ్ణి. ఒకే ఆఫీసైతే ఒక్కచోట మేనేజ్ చేస్తే పనైపోతుంది. రెండు ఆఫీసులుంటే కనీసం ఒకడైనా ఫైల్ ఆపే ఛాన్స్ ఉంటుంది. ఇంకోటి, పెద్ద మంట వస్తే పక్క జిల్లాల నుంచి కూడా బండ్లు రావాలి, రాష్ట్ర ఫోర్స్ కాబట్టి ఒక్క ఫోన్‌తో కదులుతాయి. ఐదు కార్పొరేషన్లకి ఐదు ఫైర్ బ్రిగేడ్లు పెట్టామనుకోండి, ఈస్ట్ కార్పొరేషన్ బండి సెంట్రల్ కార్పొరేషన్‌కి పోతే డీజిల్ బిల్లు ఎవరిదని లెటర్లు నడుస్తాయి. 90 మీటర్ల నిచ్చెన బండి ఉంది మనకి, దాన్ని ఐదు ముక్కలు చేస్తారా?

మున్నేకొళాల పీజీ:
ఎవరి చేతిలో ఉన్నా మా నెత్తికే లెండి. 2024లో బీబీఎంపీ పీజీలకి (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళకి) రూల్స్ పెట్టింది, సీసీ కెమెరాలు, నీళ్ళు, ఫస్ట్ ఎయిడ్, దాంతో పాటు ఫైర్ సేఫ్టీ. మాది స్టిల్ట్ ప్లస్ నాలుగు, అంటే కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు. ఫైర్ కాగితం కోసం ఒక ఆఫీసుకి పోతే మీ బిల్డింగ్ ఎత్తు మా లెక్కలోకి రాదు పొమ్మన్నారు. ఇంకో ఆఫీసుకి పోయి ఆ మాటే చెప్తే, కాగితం లేకుండా మీ ఫైల్ కదలదన్నారు. మధ్యలో ఒక ఏజెంట్ తగులుకున్నాడు, రెండు చోట్లా నేను చూసుకుంటానని. ఏం చూసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి, ఫ్లోర్‌కో ఎర్ర సిలిండర్ తగిలించి, ఫోటోలు తీసుకుని, డబ్బులు తీసుకుని పోయాడు. ఆ సిలిండర్ పిన్ ఎటు లాగాలో మా వంటవాళ్ళకీ తెలీదు, ఉండే కుర్రాళ్ళకీ తెలీదు.

డ్రాఫ్ట్స్‌మన్:
పీజీ అన్న చెప్పిన ఎత్తు సంగతి చాలామందికి తెలీదు, కాస్త వివరంగా రాస్తా. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం 15 మీటర్లు దాటితే హైరైజ్. కర్ణాటకలో ఆ గీతని 21 మీటర్లకి జరిపారు. మామూలు నివాస భవనం అంతకంటే తక్కువ ఎత్తుంటే ఫైర్ శాఖ ఎన్ఓసీ అక్కర్లేదు, అంటే ఫైర్ వాళ్ళు దాని ప్లాన్ చూడరు, కట్టాక వచ్చి మెట్ల వెడల్పు కొలవరు. మారతహళ్ళి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ పీజీలన్నీ తీసుకోండి, ఎక్కువ భాగం ఆ గీత కిందే ఉంటాయి. ఒకటే మెట్లు, ఆ మెట్ల కిందే మీటర్ బోర్డు, దాని పక్కనే ఛార్జింగ్‌కి పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్లు. బోర్డులో షార్ట్ సర్క్యూట్ అయితే పొగ వెళ్ళే దారీ, మనుషులు దిగే దారీ ఒకటే. కాబట్టి హొరమావు గారూ, మనలో ఎక్కువమంది ఉండే ఇళ్ళ విషయంలో పెత్తనం ఇప్పటికే మొత్తం కార్పొరేషన్‌దే. కొత్తగా ఇవ్వాల్సింది ఏముంది?

స్ప్రింక్లర్ పని:
+1. మీ పక్కనే బాబుసాపాళ్య ఉంది కదా అన్నా. 2024 అక్టోబర్‌లో కడుతున్న బిల్డింగ్ కూలి 9 మంది కూలీలు చనిపోయారు. అనుమతి ఉన్నదానికంటే ఎక్కువ అంతస్తులు లేపారు. అది వీధిలో పోయే ప్రతివాడికీ కనిపించింది, చూడాల్సిన వాళ్ళకి తప్ప.

హొరమావు వాసి:
బాబుసాపాళ్య నేను రోజూ దాటే దారి, నాకు గుర్తు చేయక్కర్లేదు. నేననేది కార్పొరేషన్ గొప్పదని కాదు. తప్పు జరిగితే ఎవర్ని నిలదీయాలో తెలియాలి అంటున్నా. కార్ల్‌టన్ టవర్స్ గుర్తుందా, 2010 ఫిబ్రవరి 23, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్. ఎలక్ట్రికల్ డక్ట్‌లోంచి పొగ పైకి తన్నింది, తొమ్మిది మంది చనిపోయారు, పొగ తట్టుకోలేక కిటికీల్లోంచి దూకినవాళ్ళున్నారు. ఆ కుటుంబాలు బియాండ్ కార్ల్‌టన్ అని సంస్థ పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగాయి. ప్రతి ఘటన తర్వాతా ఇదే చూస్తాం. ఫైర్ వాళ్ళు ఓసీ (కట్టాక లోపల ఉండొచ్చని ఇచ్చే కాగితం) ఇచ్చింది పాలికె, అంటే కార్పొరేషన్ అంటారు, పాలికె వాళ్ళు ఎన్ఓసీ ఇచ్చింది ఫైర్ వాళ్ళంటారు, మధ్యలో బిల్డర్ చల్లగా జారుకుంటాడు.

కేఆర్ మార్కెట్ వ్యాపారి:
పాలికె సంగతి ఎందుకు, 2023 ఆగస్టులో బీబీఎంపీ హెడ్ ఆఫీస్ ఆవరణలోనే, వాళ్ళ సొంత క్వాలిటీ ల్యాబ్‌లో మంటలొచ్చి తొమ్మిది మంది గాయపడ్డారు, చీఫ్ ఇంజనీర్ ఆసుపత్రిలో చనిపోయారు. వాళ్ళ ఇంట్లోనే అలా ఉంటే ఊరికి కాపలా ఏం కాస్తారు.

బేగూరు అపార్ట్‌మెంట్:
మీరంతా ఆఫీసుల గురించి కొట్టుకుంటున్నారు, నేను అసోసియేషన్‌లో ఉన్నదాన్ని, లోపల ఏం జరుగుతుందో చెప్తా వినండి. మా ఫైర్ పంపు ప్యానెల్ ఆటోలో, అంటే పైపులో ఒత్తిడి తగ్గితే పంపు దానంతటదే ఆన్ అయ్యేలా ఉండాలి. అది ఎప్పుడు చూసినా మాన్యువల్‌లోనే. ఎందుకంటే లైన్లో ఎక్కడో లీకు, ఆటోలో పెడితే పంపు రాత్రంతా ఆన్ ఆఫ్ అవుతుంది, ఫస్ట్ ఫ్లోర్ వాళ్ళకి నిద్ర పట్టదు, సెక్యూరిటీ వాడు స్విచ్ తిప్పేసి పడుకుంటాడు. లీకు బాగుచేయిద్దామంటే మీటింగ్‌లో కొటేషన్ చూసి అందరూ ఫోన్‌లోకి తలదూరుస్తారు, అదే గేటుకి కొత్త ఆర్చ్ అంటే వెంటనే సై. మంటలొస్తే జనం వచ్చి ఆగాల్సిన రెఫ్యూజ్ ఏరియాలో పాత సోఫాలు, పిల్లల సైకిళ్ళు. మంటలార్పే గొట్టం ఉండే హోస్ రీల్ పెట్టెలో చీపుర్లు.

2021 సెప్టెంబర్‌లో మాకు దగ్గర్లోనే, దేవరచిక్కనహళ్ళిలో ఒక ఫ్లాట్‌లో తల్లీ కూతురూ చనిపోయారు. బాల్కనీకి నిండా గ్రిల్. కిందనున్న జనం చూస్తూనే ఉన్నారు, ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఆ వారం మా వాట్సాప్ గ్రూప్‌లో అందరూ గ్రిల్స్‌కి తెరిచే తలుపు పెట్టిద్దామన్నారు. తర్వాత పిల్లి రావడం గురించి, కోతుల గురించి చర్చ మొదలైంది. గ్రిల్స్ అలాగే ఉన్నాయి. ఇందులో రాష్ట్రం ఏంటి, కార్పొరేషన్ ఏంటి? మహారాష్ట్రలో 2006 చట్టం ఉంది, లైసెన్స్ ఉన్న ఏజెన్సీ చూసి అంతా పనిచేస్తోందని ఏటా జనవరిలో, జూలైలో ఓనర్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అలాంటిది గట్టిగా పెడితే మా మీటింగ్‌లో ఫోన్లు పక్కన పెడతారు.

స్ప్రింక్లర్ పని:
మేడమ్, ఆ సర్టిఫికెట్ కూడా డబ్బిస్తే వచ్చేస్తుంది, నమ్మండి. పంపు ఆన్ చేసి చూడకుండానే సంతకం పెట్టేవాళ్ళు మా లైన్లోనే ఉన్నారు.

బేగూరు అపార్ట్‌మెంట్:
వస్తుందని తెలుసు బాబూ. కనీసం సంతకం పెట్టినవాడి పేరంటూ ఒకటి కాగితం మీద ఉంటుంది కదా.

పెరంబూర్ నుంచి:
చెన్నైలోనూ రాష్ట్ర శాఖే, తమిళనాడు ఫైర్ అండ్ రెస్క్యూ. 2017 మే 31న టీ నగర్‌లో చెన్నై సిల్క్స్ తగలబడింది. తెల్లవారుజాము కాబట్టి సరిపోయింది, అదే పండగ సీజన్ సాయంత్రమైతే ఊహించుకోలేం. మర్నాటికి బిల్డింగ్‌లో కొంత భాగం కూలిపోయింది, మిగతాది కూల్చేశారు. టీ నగర్‌లో రూల్స్ దాటి కట్టిన కట్టడాల మీద కోర్టు కేసులు అప్పటికే ఏళ్ళుగా నడుస్తున్నాయి. అక్కడ పర్మిషన్ల సంగతి సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ), కార్పొరేషన్ చూస్తాయి. ఆర్పడం మాత్రం ఫైర్ వాళ్ళ పని. వాళ్ళు ప్రాణాలకి తెగించి ఆర్పారు, నేను కళ్ళారా చూశా, దట్టమైన పొగ, ఫ్లైఓవర్ మీద బండ్లు వరుసగా. ఆర్పడంలో ఏ ఊళ్ళోనూ పెద్దగా లోపం ఉండదు. లోపమంతా ముందు జరగాల్సిన దాంట్లోనే.

డ్రాఫ్ట్స్‌మన్:
అదే నేనూ అనేది. రెండు పనుల్ని విడదీయండి. ఆర్పే ఫోర్స్, ట్రైనింగ్, పెద్ద బండ్లు రాష్ట్రం దగ్గరే ఉండనివ్వండి. ముందు జాగ్రత్త మాత్రం ఊరి బాధ్యత అని చట్టంలో రాయండి, అంటే 21 మీటర్ల లోపు బిల్డింగుల తనిఖీ, ఏ సందులోకి బండి పోదో చూపించే మ్యాపు, నీళ్ళు. నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు చూడండి. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ళ ఫైర్ ఇంజన్‌లో పట్టేది సుమారు 4,500 లీటర్లు, ఒక్క గొట్టం నిమిషానికి 450 లీటర్లు వదిలినా పది నిమిషాల్లో ఖాళీ. తర్వాత ఎక్కడ నింపుకోవాలి? హైడ్రంట్లు (ఫైర్ ఇంజన్ నీళ్ళు పట్టుకునే రోడ్డు పక్క కుళాయిలు) ఎక్కడున్నాయో కొత్త లేఔట్లలో చూపించండి నాకు. నీళ్ళు వాటర్ బోర్డువి, రోడ్డు కార్పొరేషన్‌ది, గొట్టం ఫైర్ వాళ్ళది.

స్టేషన్లు కూడా. పట్టణాల్లో 10 చదరపు కిలోమీటర్లకి ఒక స్టేషన్ ఉండాలని స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ లెక్క. 700 చదరపు కిలోమీటర్లు దాటిన ఊరికి 70 కావాలి, సగం కూడా లేవు. స్థలం ఇవ్వాల్సింది ఎవరు? ఊళ్ళో సీఏ సైట్లు (ప్రజావసరాలకని వదిలిన స్థలాలు) ఎవరి చేతిలో ఉన్నాయో, ఎవరికి పోయాయో అందరికీ తెలిసిందే. 13వ ఆర్థిక సంఘం ఎప్పుడో చెప్పింది, పది లక్షలు దాటిన నగరాలు ఫైర్ ప్లాన్ ప్రకటిస్తేనే పనితీరు గ్రాంటు అని. గ్రాంటు కోసం ప్లాన్ రాస్తారు, బీరువాలో పెడతారు. 2025లో విపత్తు నిర్వహణ చట్టానికి సవరణ వచ్చింది, రాష్ట్ర రాజధానులకీ, కార్పొరేషన్ ఉన్న నగరాలకీ అర్బన్ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ అథారిటీ పెట్టొచ్చు, దానికి అధ్యక్షుడు మునిసిపల్ కమిషనరే. అక్కడ ఫైర్ వాళ్ళనీ, వాటర్ బోర్డునీ, కరెంటు సంస్థ బెస్కాంనీ ఒక టేబుల్ ముందు కూర్చోబెట్టే అధికారం ఉంటుంది. నా లెక్క ప్రకారం గొడవ పడాల్సింది దాని కోసం.

హొరమావు వాసి:
టేబుల్ ముందు కూర్చోవడానికేం, కూర్చుంటారు, టీ తాగుతారు. చిన్నస్వామి స్టేడియం చూడండి. 2025 జూన్ 4న తొక్కిసలాటలో 11 మంది చనిపోయాక, ఫైర్ రూల్స్ పాటించలేదని ఫైర్ శాఖ రాస్తే బెస్కాం కరెంటు కట్ చేసింది. అంటే అధికారం ఉంది. అంతకుముందు అదే స్టేడియంలో ఫ్లడ్ లైట్ల కింద ఎన్ని మ్యాచ్‌లు ఆడారు?

మున్నేకొళాల పీజీ:
పెద్దోళ్ళకి రాయరు అన్నా, మాకు రాస్తారు.

కేఆర్ మార్కెట్ వ్యాపారి:
నిలదీయాలి అన్నారు కదా, ఎవర్ని నిలదీస్తారు? 2020 సెప్టెంబర్‌లో బీబీఎంపీ కౌన్సిల్ గడువు అయిపోయింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కార్పొరేటరే లేడు. ఇప్పుడున్న అథారిటీకి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. అంటే ఫైర్‌ని కార్పొరేషన్‌కి ఇచ్చినా పైన కూర్చునేది మళ్ళీ రాష్ట్రమే. చుట్టూ తిరిగి అక్కడికే వస్తాం.

హొరమావు వాసి:
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదనుకోకండి. కార్పొరేటర్ ఉంటే కనీసం ఇంటి ముందుకెళ్ళి అరవొచ్చు. హోం శాఖ ముందు అరిస్తే పోలీసులే వస్తారు, వాళ్ళూ ఆ శాఖే. నేను వెనక్కి తగ్గను, దశలవారీగా అయినా ఇవ్వాల్సిందే.

ఇంకో సంగతి, 2023 చట్ట సవరణతో కొత్త హైరైజ్ భవనాల ఆస్తి పన్ను మీద 1% ఫైర్ సెస్ పెట్టారు. మన పన్ను బిల్లులో వసూలై పోయేది ఫైర్ శాఖకి. ఆ డబ్బు మన ఏరియా స్టేషన్‌కి వస్తుందా, ఇంకెక్కడికైనా పోతుందా, చెప్పేవాళ్ళున్నారా?

డ్రాఫ్ట్స్‌మన్:
ఆర్టీఐ వేయండి. ఫైర్ శాఖకి ఒకటి, మీ కార్పొరేషన్‌కి ఒకటి. ఒక్కరికే వేస్తే మాకు సంబంధం లేదని రెండో వాళ్ళకి బదిలీ చేస్తారు.

బేగూరు అపార్ట్‌మెంట్:
ఆ ఫార్మాట్ ఇక్కడ పెట్టండి, మేమూ వేస్తాం. పీజీ తమ్ముడూ, ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వారం జరుగుతుంది, ముందుగా మీ దగ్గర్లోని స్టేషన్‌లో లెటర్ ఇస్తే మనుషుల్ని పంపి డ్రిల్ చేయించమని అడగొచ్చు. పిన్ ఎలా లాగాలో వాళ్ళే చేతిలో పెట్టి చూపిస్తారు.

మున్నేకొళాల పీజీ:
లెటర్ కన్నడలో ఇవ్వాలా అక్కా? మా మేనేజర్‌ది నెల్లూరు, వాడికి రాదు.

బేగూరు అపార్ట్‌మెంట్:
కన్నడలో ఇస్తేనే మంచిది. మా ఆఫీస్ అబ్బాయి రాసి పెడతాడు, నంబర్ మెసేజ్ చెయ్యి.