గోల్డ్‌ఫిష్ ఒంటిపై తెల్లటి చుక్కలు: ఏమి చేయాలి?

ప్రశ్న (పటమట, విజయవాడ): మా గోల్డ్‌ఫిష్ తోక మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు లేచాయి. మేత ముట్టకుండా, గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది. ఇది ఏ జబ్బో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: మగచేపకు జతకట్టే కాలంలో మొప్పల మూతల మీద వచ్చే చుక్కలు జబ్బు కావు. మీరు చెప్పిన లక్షణాలు మాత్రం ఇక్ అనే పరాన్నజీవివేనని నా అభిప్రాయం. చర్మం కింద ఉన్నంతకాలం దానికి మందు తగలదు. అది రాలి, తొట్టి అడుగున వందల పిల్లలుగా చీలి, నీటిలో ఈదేటప్పుడే చస్తుంది కనుక, చుక్కలు మాయమైనా మందును మధ్యలో ఆపవద్దు. ఫిల్టర్‌లోని బొగ్గును ముందుగా తీసేయండి, లేకుంటే మందును అదే పీల్చేస్తుంది.

మరొక జవాబు: లీటరుకు 2 గ్రాముల చొప్పున అయోడిన్ లేని కల్లుప్పును, ఒకేసారి కాకుండా విడతలుగా కరిగించి పోయండి. మార్చే కుళాయి నీటిలో క్లోరిన్ విరుగుడు తప్పనిసరి. బెజవాడ ఎండలకు హీటరు అక్కరలేదు గానీ, వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి పంపును రాత్రి కూడా ఆపవద్దు.