వెనక ట్రైలర్ ఊగిపోతోంది, ఈ బండితో అమ్మని శ్రీశైలం తీసుకెళ్లొచ్చా?

కావలి_చెరువులు:
అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. చెరువులకు రొయ్యల మేత తోలే డబుల్ క్యాబిన్ పికప్ ఉంది. అమ్మకి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, కింద కూర్చోలేదు. ప్రయాణమంటే దారిలో బాత్రూములకు భయపడి పొద్దుటి నుంచి నీళ్లే తాగదు. అందుకే వెల్డింగ్ షాపులో చిన్న ట్రైలర్ కట్టించాను. పన్నెండడుగుల పొడవు, ఒకటే ఇరుసు. లోపల మంచం, వెస్టర్న్ కమోడ్, గ్యాస్ పొయ్యి. వెనక గోడకి వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, దాని కిందే ఇన్వర్టర్ బ్యాటరీ.

మొన్న అమ్మని ఎక్కించకుండా ట్రయల్ కోసం మైపాడు బయలుదేరాను. దగదర్తి దాటాక 80లో వెళ్తుంటే ఒక బస్సు పక్కనుంచి ఓవర్‌టేక్ చేసింది. అంతే, ట్రైలర్ కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెట్టింది. ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దది. గట్టిగా బ్రేక్ కొట్టాను, పికప్ వెనక చక్రాలు పక్కకి జారాయి. రోడ్డు దిగి మట్టిలో ఆగింది. చేతుల వణుకు తగ్గడానికి పావుగంట పట్టింది.

బండికి శక్తి చాలడం లేదా? పికప్‌కి స్ప్రింగు కట్టలు గట్టివి వేయించాలా? అమ్మకి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలని ఉంది. కూర్చోలేదు కాబట్టి ట్రైలర్‌లోనే మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చా?

ఒంగోలు_పికప్:
టైర్లలో గాలి చూడు బ్రదర్, రెండు వైపులా సమానంగా ఉండాలి. పికప్ వెనక భాగం దిగబడుతుంటే ట్రైలర్‌లో సామాను ఇంకొంచెం వెనక్కి జరుపు, లెవల్ అవుతుంది.

సింగరాయకొండ_జనరేటర్:
తమ్ముడూ, ముందు అమ్మగారి సంగతి. ట్రైలర్ కదులుతున్నప్పుడు అందులో ఎవరినీ ఎక్కించొద్దు. మట్టిలో ఆగిన ఆ రోజు ఆవిడ లోపల మంచం మీద ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించు. పికప్‌లో ముందు సీటు వెనక్కి జరిపి, బెల్టు పెట్టి కూర్చోబెట్టు. గంటకోసారి ఆపి, ట్రైలర్‌లో కాసేపు పడుకోబెట్టు. దాన్ని కట్టించింది అందుకే కదా.

ఇక ఊగడం. ఒంగోలు తమ్ముడు చెప్పినట్టు సామాను వెనక్కి జరిపావంటే ఇంకా ఎక్కువ ఊగుతుంది. నేను పధ్నాలుగేళ్లుగా పెళ్లిళ్లకీ తిరనాళ్లకీ జనరేటర్ ట్రైలర్ లాగుతున్నాను. మా నాన్న ఎడ్లబండి తోలేవాడు. గడ్డి వెనక ఎక్కువ పడితే కాడి ఎద్దుల మెడల మీద నుంచి పైకి లేస్తుంది, నొగ నిలబడదు. అందుకని ఎప్పుడూ కాస్త ముందు బరువు ఉండేలా పేర్చేవాడు. నీ ట్రైలర్‌కీ అదే లెక్క. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఆరున్నర వంతుల్లో ఒక వంతు దాకా, అంటే 10 నుంచి 15 శాతం, పికప్ హుక్ మీద పడాలి. నువ్వు నీళ్లూ బ్యాటరీ రెండూ వెనక గోడకి పెట్టావు. తప్పు ఇంజిన్‌ది కాదు, కట్టలదీ కాదు.

అనుకుంటే సరిపోదు, తూచు. రొయ్యల రైతువి, ఎలక్ట్రానిక్ కాటా ఉంటుందిగా? చదునైన చోట చక్రాలకి అడ్డం పెట్టి, కాటా మీద ఒక కర్ర దిమ్మ నిలబెట్టు. ట్రైలర్ ముక్కు హుక్ ఎత్తులోనే ఉండేలా దిమ్మ మీద ఆనించు. హుక్ మీద పడే బరువు అదే. మొత్తం బరువు రైసుమిల్లు వేబ్రిడ్జి మీద చూసుకో. హుక్ ఎంత మోస్తుందో, పికప్ ఎంత లాగుతుందో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అది దాటొద్దు.

మళ్లీ ఊగితే బ్రేక్ కొట్టకు. స్టీరింగ్ తిప్పి సరిచేద్దామని చూడకు, స్పీడు పెంచకు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యి. వేగం దానంతటది పడిపోనీ. అసలు 60 దాటకపోవడం మంచిది. 60కీ 80కీ తేడా ఇరవయ్యే అనిపిస్తుంది గానీ బండి పరుగులో ఉండే శక్తి ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది.

సేఫ్టీ గొలుసులు ఉన్నాయా? నువ్వు రాయలేదు. రెండు గొలుసులు హుక్ కింద గుణకారం గుర్తులా దాటించి తగిలించాలి. నాలుగేళ్ల కిందట ట్రైలర్ ముక్కు హుక్ మీద నుంచి ఊడకుండా పెట్టే లాక్ పిన్ను మర్చిపోయాను. టంగుటూరు టోల్‌గేటు ముందు స్పీడ్ బ్రేకర్ మీద అది హుక్ నుంచి ఎగిరి ఊడింది. ట్రైలర్ ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాల్లో పడింది. వెనకే ఒక ఆటో, నిండా కూలి పనికి వెళ్లే ఆడవాళ్లు. ఇప్పటికీ బయలుదేరే ముందు ఆ పిన్ను చేత్తో తడిమి చూస్తాను.

కోవూరు_టీచర్:
మా ట్రాక్టర్ ట్రక్కుకి కాగితాలు చేయించినప్పుడు తెలిసింది చెబుతున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి, లాగే బండి నంబరు కూడా దాని వెనక కనబడాలి. ఇన్సూరెన్సు కూడా అడగండి. ఆర్టీవో ఆఫీసుకి వెళ్లాకే దూరప్రయాణం పెట్టుకోండి.

మార్కాపురం_లారీ:
దోర్నాల ఘాట్ చాలాసార్లు తిరిగాను. ట్రైలర్‌కి బ్రేకులున్నాయా? లేకపోతే వద్దు. దిగేటప్పుడు వెనక బరువంతా పికప్‌ని తోస్తుంది, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ట్రైలర్ ముందుకు నెట్టుకొచ్చే తోపుతోనే దాని బ్రేకు పడే సెట్టు ఉంటుంది, అది వేయించు. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు. ఆగిన ప్రతిసారీ ట్రైలర్ చక్రాల మధ్య ఉండే హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడు. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కాలే వైపు బేరింగు పోతోందనో, బ్రేకు పట్టేస్తోందనో లెక్క.

కావలి_చెరువులు:
అన్నా, నిన్న తూచాను. నీళ్లు నిండుగా ఉండగా మొత్తం 840 కేజీలు. కాటా మీద ముక్కు బరువు పాతిక! చూసి నేనూ మా తమ్ముడూ మాట్లాడలేకపోయాం. ట్యాంకు విప్పేశాను. రెండు ఇరవై లీటర్ల క్యాన్లు ఇరుసు మీదే కట్టాను, బ్యాటరీ మంచం ముందు కాళ్ల దగ్గరికి మార్చాను. ఇప్పుడు మొత్తం 780, ముక్కు మీద 95. సాయంత్రం హైవే మీద 60లో కావలి నుంచి దగదర్తి దాకా వెళ్లొచ్చాను. రెండు బస్సులు, ఒక కంటెయినర్ దాటాయి. చిన్నగా కదిలింది, వెంటనే సర్దుకుంది.

గొలుసులు లేవు, రేపే వేయిస్తున్నాను. బ్రేకుల సెట్టుకి అడ్వాన్సు ఇచ్చాను, రిజిస్ట్రేషన్‌కి సోమవారం వెళ్తున్నాను. అవి రెండూ అయ్యేదాకా ట్రైలర్ ఇక రోడ్డెక్కదు, శ్రీశైలం ఆగుతుందని అమ్మకి చెప్పాను. ముందు సీటులో కూర్చుని చూసింది. మోకాలి కింద చిన్న దిండు పెడితే బాగుందట. అంగుళం మందం దిండు సరిపోలేదు, మూడంగుళాలది కుట్టిస్తున్నాను.