జపాన్‌లో కేర్‌గివర్ ఉద్యోగం: టోక్యో పక్కన మంచిదా, అకిటా వైపు చిన్న ఊరు మంచిదా?

హనుమకొండ అడిగారు:

మా చెల్లెలు బీఎస్సీ నర్సింగ్. జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి, కేర్ (వృద్ధుల సంరక్షణ) పరీక్ష, కేర్ జపనీస్ పరీక్ష మూడూ పాసయింది. వృద్ధాశ్రమాల నుంచి రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి టోక్యోని ఆనుకుని ఉన్న సైతామాలో. జీతం 2,05,000 యెన్లు, గది అద్దె 45,000. రెండోది అకిటా రాష్ట్రంలో, పర్యాటకులెవరూ వెళ్లని చిన్న ఊరు. జీతం 1,78,000, అద్దె 20,000. రెండూ తొకుతేయి గినో వీసాలే, అంటే నైపుణ్యం ఉన్న విదేశీ పనివాళ్లకి ఇచ్చేవి. ఇంట్లో అందరూ టోక్యో వైపే మొగ్గుతున్నారు. చిన్న ఊళ్లలో ఇప్పుడు విదేశీయులు బాగా పెరుగుతున్నారని వింటున్నాం. అక్కడ ఒక్క ఆడపిల్ల బతకడానికి ఏమేం చూసుకోవాలి? రెండిట్లో ఏది ఎంచుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

సెందాయ్ తెలుగు జవాబు:

జీతం అంకె కాసేపు పక్కన పెట్టి, ఉద్యోగంలో చేరే తేదీ చూడండి. ఎందుకో చెప్తాను.

తొకుతేయి గినో మొదటి స్థాయి మామూలుగా మొత్తం 5 ఏళ్లే. భర్తనీ పిల్లల్నీ తీసుకెళ్లడానికి లేదు. చాలా రంగాల్లో రెండో స్థాయి ఉంది, కేర్‌కి మాత్రం లేదు. ఆ 5 ఏళ్లలోపు కైగో ఫుకుషిషి (గుర్తింపు పొందిన కేర్ వర్కర్) అనే జాతీయ పరీక్ష పాసై రిజిస్టర్ చేయించుకుంటే కైగో, అంటే కేర్ పని వీసాకి మారొచ్చు. దానికి గడువు మీద గడువు పొడిగించుకుంటూ ఎన్నేళ్లయినా ఉండొచ్చు, కుటుంబాన్నీ తెచ్చుకోవచ్చు.

పరీక్ష రాయాలంటే కేర్ పనిలో 3 ఏళ్లు, అంటే రికార్డులో 1,095 రోజులు ఉండాలి. అందులో 540 రోజులు నిజంగా డ్యూటీ చేసి ఉండాలి. జిత్సుముషా కెన్షూ అనే శిక్షణ కూడా కావాలి. ముందు ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్లకి అది 450 గంటలు. పరీక్ష ఏడాదికి ఒక్కసారే, జనవరి ఆఖర్లో. ఆ ఆర్థిక సంవత్సరం మార్చి 31కి 3 ఏళ్లు నిండుతాయంటే ముందే రాయనిస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. 2026 ఏప్రిల్ 1న చేరిన మనిషికి 2029 మార్చి 31తో 3 ఏళ్లు నిండుతాయి. 2029, 2030, 2031 జనవరుల్లో మూడుసార్లు రాయొచ్చు. జూన్‌లో చేరితే మొదటి అవకాశం 2030 జనవరి. వీసా 2031 జూన్‌తో అయిపోతుంది కాబట్టి రెండేసార్లు. వీసా కాగితాలు ఆలస్యమై ప్రయాణం ఏప్రిల్ రెండో వారానికి జారినా ఒక అవకాశం పోయినట్టే. ఇది ఏ ఏజెంటూ చెప్పడు. 2026 జనవరి పరీక్ష నుంచి ప్రశ్నపత్రాన్ని మూడు భాగాలు చేసి, పాసైన భాగాన్ని మళ్లీ రాయనక్కర్లేకుండా చేశారు. పని చేస్తూ చదివేవాళ్లకి అది పెద్ద ఊరట.

అందుకని రెండు ఆశ్రమాలనూ మూడు విషయాలు అడగండి. ఆ 450 గంటల శిక్షణ ఫీజు ఎవరు కడతారు? క్లాసులు ఏ ఊళ్లో జరుగుతాయి, ఆ రోజుల్లో డ్యూటీ మారుస్తారా? ఇంతకుముందు వచ్చిన విదేశీయుల్లో ఎంతమంది ఈ పరీక్ష పాసయ్యారు? శిక్షణలో చాలా భాగం ఇంట్లో చదివి రాసేదే అయినా, ఎదురుగా కూర్చోవాల్సిన రోజులు కొన్ని ఉంటాయి. చిన్న ఊరికి ఆ కేంద్రం గంటన్నర దూరంలో ఉంటే, కారు లేని మనిషికి అదే అడ్డంకి.

ఇంకొకటి. బీఎస్సీ నర్సింగ్ చేసినా అక్కడ ఆమె నర్సు కాదు. స్నానం చేయించడం, డైపర్ మార్చడం, తినిపించడం, మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చడం, ఇవీ పనులు. ఇంజెక్షన్ ముట్టుకోకూడదు. చాలా చోట్ల రాత్రి డ్యూటీ ఏకబిగిన 16 గంటలు. ఈ సంగతి ముందే మనసుకి ఎక్కించుకుని వెళ్లడం మంచిది.

పద్దు పుస్తకం జవాబు:

సెందాయ్ తెలుగు గారు చెప్పింది అక్షరాలా నిజం. డబ్బు లెక్క నేను వేస్తాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లు చూసేది అదే.

జీతంలో పెన్షన్‌కి 9.15 శాతం, ఆరోగ్య బీమాకి దాదాపు 5 శాతం, ఉద్యోగ బీమాకి సుమారు అర శాతం పోతాయి. 1,78,000లో సుమారు 26,500, 2,05,000లో సుమారు 29,000. ఆదాయపు పన్ను రెండిట్లోనూ కొద్దిగానే ఉంటుంది కాబట్టి వదిలేద్దాం. అద్దె తీసేస్తే అకిటాలో మిగిలేది 1,31,500, సైతామాలో 1,31,000. అంటే జీతంలో 27,000 తేడా చేతికొచ్చేసరికి ఆవిరైపోయింది. ఇలాంటి ఆఫర్లు చాలావరకు ఇంతే. 2025లో ఖరారైన కనీస వేతనం టోక్యోలో గంటకి 1,226 యెన్లు, అన్నిటికన్నా తక్కువున్న కోచి, మియజాకి, ఒకినావాల్లో 1,023. కాగితం మీద తేడా పెద్దదే, అద్దె దాన్ని మింగేస్తుంది.

రెండో ఏడాది జూన్ నుంచి నివాస పన్ను మొదలవుతుంది. ముందు ఏడాది ఆదాయం మీద లెక్క కాబట్టి మొదటి ఏడాది ఉండదు. ఈ స్థాయి జీతానికి నెలకి కొన్ని వేల యెన్లు. జీతం తగ్గించారని చాలామంది యాజమాన్యంతో గొడవ పడేది ఇక్కడే. తగ్గించలేదు, పన్ను మొదలైంది, అంతే.

ఇంటికి డబ్బు పంపితే ఆ పన్ను తగ్గించుకోవచ్చు. కానీ షరతు గట్టిది. విదేశంలో ఉన్న తల్లో తండ్రో 30 నుంచి 69 ఏళ్లలోపు వాళ్లయితే, ఒక్కొక్కరికి వేరువేరుగా ఏడాదికి 3,80,000 యెన్లు పంపినట్టు రుజువు ఉండాలి. నాన్న ఖాతాలోనే మొత్తం వేస్తే అమ్మ పేరు లెక్కలోకి రాదు. 70 దాటినవాళ్లకి ఆ మొత్తం నియమం లేదు, పంపిన రసీదూ బంధుత్వం చూపే కాగితమూ చాలు. కాబట్టి అమ్మకీ నాన్నకీ విడివిడిగా ఖాతాలు ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

తిరిగొచ్చేస్తే పెన్షన్ డబ్బు కొంత వెనక్కి వస్తుంది. దేశం వదిలాక 2 ఏళ్లలోపు దరఖాస్తు చేయాలి, గరిష్ఠంగా 60 నెలలకే లెక్క కడతారు, 20.42 శాతం పన్ను పట్టుకుంటారు. ఒకసారి అది తీసుకుంటే ఆ ఏళ్లు పెన్షన్ అర్హతలోంచి చెరిగిపోతాయి. భారత్, జపాన్ మధ్య 2016 అక్టోబరు నుంచి సామాజిక భద్రత ఒప్పందం అమల్లో ఉంది, రెండు దేశాల్లో చేసిన సర్వీసు కలుపుకోవచ్చు. మళ్లీ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు తొందరపడి దరఖాస్తు చేయకూడదు.

ఏజెంటు సంగతి కూడా చెప్పాలి. మన చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. లక్షల్లో అడిగారంటే అక్కడే ఆగండి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జపాన్‌కి నర్సింగ్ చదివినవాళ్లని పంపుతోంది.

మంచు ఊరు జవాబు:

అకిటా అంటే జపాన్ సముద్రం వైపు, మంచు విపరీతంగా పడే ప్రాంతం. ఇల్లు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

రాత్రి చలి మైనస్ 4 డిగ్రీలకి దిగితే నీళ్ల గొట్టాలు గడ్డకడతాయి. దానికి ముందే గొట్టాల్లో నీళ్లన్నీ దించేయాలి, దాన్నే మిజునుకి అంటారు. గది అప్పగించేటప్పుడే ఆ వాల్వు ఎక్కడుందో చూపించమనాలి. వాల్వు మూసి, వంటగదిలో, స్నానాల గదిలో కుళాయిలన్నీ తెరవాలి, వేడినీళ్ల వైపు కూడా. గాలి లోపలికి వెళ్తేనే నీళ్లు పూర్తిగా దిగుతాయి, కుళాయిలు మూసి వాల్వు తిప్పితే సగం నీళ్లు లోపలే ఉండిపోతాయి. టాయిలెట్ ట్యాంకు కూడా ఒకసారి ఖాళీ చేయాలి. ఎక్కువమంది చేసే తప్పు, ఊరెళ్తూ కరెంటు మెయిన్ ఆపేయడం. నీళ్లు కాచే యంత్రంలో గడ్డకట్టకుండా కాపాడే చిన్న హీటరు ఉంటుంది, అది కరెంటుతోనే నడుస్తుంది. గొట్టం గడ్డకట్టిందని మరిగే నీళ్లు పోస్తే పగులుతుంది. తువ్వాలు చుట్టి గోరువెచ్చని నీళ్లు పోయాలి. అద్దెకున్నవాళ్ల పొరపాటు వల్ల పగిలితే బాగుచేయించే ఖర్చు వాళ్ల మీదే పడొచ్చు.

ఇళ్లు మొత్తంగా వెచ్చబడవు, ఏ గదికి ఆ గదే. కిరోసిన్ హీటర్లు మామూలు, 18 లీటర్ల డబ్బాల్లో నింపుకుంటారు. గంటకోసారైనా కిటికీ తెరవకపోతే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. చిన్న ఊళ్లలో పైపు గ్యాస్ ఉండదు, సిలిండర్ ప్రొపేన్ వాడతారు, నగరంలో కన్నా బిల్లు ఎక్కువ. అద్దె 20,000లో కరెంటు, గ్యాస్, కిరోసిన్ కలిసే ఉన్నాయా, విడిగా కట్టాలా అని రాతపూర్వకంగా అడగండి. పద్దు పుస్తకం గారి లెక్కలో అకిటా వెనకబడేది ఈ చలికాలం ఖర్చుతోనే. గది ఒక్కొక్కరికి కనీసం 7.5 చదరపు మీటర్లు ఉండాలన్నది నియమం.

చెత్త విషయంలో చాలా జాగ్రత్త. చాలా ఊళ్లలో ఊరి ఆఫీసు ముద్రించిన సంచీలే వాడాలి, తడిచెత్తకి ఏ వారం, సీసాలకి ఏ వారం అన్నది క్యాలెండర్‌లో ఉంటుంది. చెత్త పెట్టే చోటు వీధి సంఘం చూసుకుంటుంది. ముద్ర లేని సంచీని ఎత్తకుండా వదిలేస్తారు, అది ఎవరిదో వీధిలో అందరికీ తెలుస్తుంది. వెళ్లిన మొదటి వారంలోనే పక్కింటివాళ్లకి ఒక చిన్న స్వీటు పెట్టె ఇచ్చి పేరు చెప్పుకోవడం అక్కడి మర్యాద. మంచు పారబోసే రోజుల్లో ఆ పరిచయమే పనికొస్తుంది.

ఇక సూట్‌కేసు. ఆవకాయ, గోంగూర పచ్చడి ఫరవాలేదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, అసలు ఏ మాంసంతో చేసినదీ పెట్టొద్దు, రొయ్యలది తప్ప. సర్టిఫికెట్ లేని మాంసం పదార్థాలు తేవడం నేరం, విమానాశ్రయంలోనే లాగేసుకుంటారు, శిక్షలు కూడా గట్టివి. పచ్చి కరివేపాకు పెట్టొద్దు, విత్తనాలు కూడా మొక్కల సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్లకూడదు. కరివేపాకు ఎండబెట్టి పొడి చేసి పెట్టుకోండి.

ఎడమ వైపు జవాబు:

కారు గురించి కొంచెం. జపాన్‌లోనూ మనలాగే ఎడమ వైపు నడుపుతారు, మన అంతర్జాతీయ పర్మిట్ అక్కడ చెల్లుతుంది. కానీ దిగిన రోజు నుంచి ఒక్క ఏడాదే. మధ్యలో ఇంటికొచ్చి 3 నెలల లోపే తిరిగెళ్తే కొత్త పర్మిట్ తీసుకెళ్లినా ఏడాది మళ్లీ మొదలవదు.

తరవాత జపాన్ లైసెన్సుకి మార్చుకోవాలి. మన దేశానికి పరీక్ష మినహాయింపు లేదు. లైసెన్స్ వచ్చాక మన దేశంలో కనీసం 3 నెలలు ఉన్నట్టు పాస్‌పోర్టు ముద్రలతో చూపించాలి. వెళ్లే ముందు వారం లైసెన్స్ తీసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మీ చెల్లెలికి లైసెన్స్ లేకపోతే ఈ వారమే మొదలుపెట్టించండి. 2025 అక్టోబరు నుంచి రాతపరీక్షలో 50 ప్రశ్నలు, 45 సరిగ్గా రాయాలి. అంతకుముందు 10 ప్రశ్నల్లో 7 చాలేవి, పాత వీడియోలు నమ్మొద్దు.

డ్రైవింగ్ పరీక్షలో బాగా నడిపేవాళ్లే ఫెయిలవుతారు. ఆగు గీత దగ్గర చక్రాలు పూర్తిగా నిలవాలి, పాకించుకుంటూ పోతే అక్కడితో సరి. ఎడమకి తిరిగే ముందు సైకిలు దూరేంత సందు లేకుండా ఎడమ అంచుకి చేరాలి. అద్దంలో చూస్తే చాలదు, తల తిప్పి వెనక పక్క చూడాలి, అదీ పరీక్షాధికారికి కనిపించేలా.

చిన్న కేయి కారు పన్ను ఏడాదికి 10,800 యెన్లు. మంచు టైర్లు వేరే సెట్టు కొనాలి. 2 ఏళ్లకోసారి షాకెన్ అనే తప్పనిసరి బండి తనిఖీ. ఆశ్రమం సైకిలు దూరంలో ఉంటే మొదటి ఏడాది కారు జోలికి పోనక్కర్లేదు. కానీ అకిటా మంచులో 4 నెలలు సైకిలు నడవదు. ఆ 4 నెలలు డ్యూటీకి ఎలా వెళ్తారో అడగండి.

హనుమకొండ మళ్లీ అడిగారు:

అందరికీ చాలా థాంక్స్. ఒక్క సందేహం. అక్కడికి వెళ్లాక ఆశ్రమం నచ్చకపోతే మారొచ్చా? భాష విషయంలో చిన్న ఊళ్లలో సాయం దొరుకుతుందా?

సెందాయ్ తెలుగు జవాబు:

మారొచ్చు, కేర్ రంగంలోనే. అయితే వీసా ఆ ఒక్క సంస్థ పేరు మీదే ఉంటుంది, పాస్‌పోర్టుతో ఇచ్చే చిన్న కాగితం మీద ఆ పేరు రాసి ఉంటుంది. కొత్త సంస్థ పేరుతో మళ్లీ అనుమతి వచ్చేదాకా పని చేయకూడదు, పార్ట్‌టైమ్ కూడా. అంటే నెలా రెండు నెలలు జీతం లేకుండా గడపాలి, ఆశ్రమం గదీ ఖాళీ చేయాలి. ఆ మాత్రం డబ్బు చేతిలో ఉంచుకోవాలి. మానేసిన 14 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి. కొత్త సంస్థ సంతకం చేశాకే పాతది వదలడం క్షేమం.

మొదటి స్థాయి వాళ్లకి యాజమాన్యం సాయం చేయడం చట్టప్రకారం తప్పనిసరి. విమానాశ్రయానికి రావడం, గది, బ్యాంకు ఖాతా, కనీసం 8 గంటల పరిచయ శిక్షణ, 3 నెలలకోసారి కూర్చోబెట్టి మాట్లాడటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ ఖర్చు జీతంలోంచి కోయకూడదు. కొత్త ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు ఊరి ఆఫీసులో చిరునామా నమోదుకి కూడా వాళ్లే వెంట రావాలి.

విదేశీయులు పెరుగుతున్నారన్న మాట నిజమే. 2023 జనవరి 1 లెక్కలో జపనీయుల సంఖ్య 47 రాష్ట్రాల్లోనూ తగ్గింది, విదేశీయుల సంఖ్య 47లోనూ పెరిగింది. 2025 జూన్‌కి మొత్తం 39.5 లక్షలు దాటారు. కానీ ఊరికీ ఊరికీ పోలిక లేదు. గుమ్మా రాష్ట్రంలో ఓయిజుమి పట్టణానికి 1990 చట్ట సవరణ తరవాత బ్రెజిల్ వాళ్లు ఫ్యాక్టరీ పనులకి వచ్చి స్థిరపడ్డారు. అక్కడ దాదాపు ఐదుగురిలో ఒకరు విదేశీయులు, దుకాణాలూ ఆఫీసు కాగితాలూ పోర్చుగీసులో దొరుకుతాయి. హొక్కైదోలో హిగాషికవా అనే చిన్న పట్టణం 2015లో సొంతంగా ప్రభుత్వ జపనీస్ బడే పెట్టింది. కేర్ ఉద్యోగాల ఊళ్లు అలా ఉండవు. ఒక్కో ఆశ్రమంలో ఇద్దరో నలుగురో మయన్మార్, ఇండోనేషియా, నేపాల్ పిల్లలు, అంతే. తెలుగు మాట వినిపించదు.

అందుకే ఆ ఊళ్లో జపనీస్ తరగతి ఉందో లేదో ఆఫీసు వెబ్‌సైటులో వెతికించండి. స్వచ్ఛందంగా నడిపే క్లాసులు చాలా ఊళ్లలో దాదాపు ఉచితం, అసలు లేని ఊళ్లూ ఉన్నాయి. 1995 కోబె భూకంపం తరవాత యసాషీ నిహోంగో అని, తేలిక మాటలతో ప్రకటనలు రాసే పద్ధతి వచ్చింది. వెబ్‌సైటులో అలాంటి పేజీ ఉంటే ఆ ఊరు విదేశీయుల గురించి కొంత ఆలోచించిందనే అర్థం. అకిటా ముసలివాళ్లు మాట్లాడే యాస ఎన్4 పుస్తకంలో ఉండదు. మొదటి 3 నెలలు ఏమీ అర్థం కాకపోతే చెల్లెలు తన చదువుని అనుమానించుకోకూడదు.

నా మటుకు అకిటా వాళ్లు శిక్షణ ఫీజు కడతామని రాసిస్తే, ఏప్రిల్ 1కి చేర్చుకుంటే, శీతాకాలంలో వాహనం పంపితే, అదే తీసుకోమంటాను. ఆ మూడింట్లో చేరే తేదీ కుదరకపోతే ఒక పరీక్ష అవకాశం పోతుంది, అయినా సర్దుకోవచ్చు. వాహనం లేదంటే మాత్రం సైతామాయే నయం.