యాభై దాటిన మిల్లు గుమాస్తాకి మళ్ళీ ఉద్యోగం దొరుకుతుందా?

నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 53 ఏళ్ళు. రైస్ మిల్లులో గుమాస్తాగా చేశాను. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందా అన్న దగ్గర్నుంచి నూక, తవుడు లెక్కలు, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో జీఎస్టీ దాకా అన్నీ నేనే చూసేవాణ్ణి. ఓనరు మిల్లు లీజుకిచ్చేయడంతో పని పోయింది. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లకి వెళ్తే, ఫైలు తెరవకుండానే "వయసెంతండీ?" అంటున్నారు. కుర్రాళ్ళే కావాలట. పని వచ్చినవాణ్ణి వయసు చూసి పంపేయడం అన్యాయం కాదా అండి?

పీఎఫ్ పింఛను పూర్తిగా రావాలంటే 58 నిండాలి. ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం కోత. రెజ్యూమేలో పుట్టిన తేదీ తీసేయొచ్చా? రెండు మూడు చిన్న మిల్లులకి పార్ట్‌టైమ్‌గా లెక్కలు రాస్తే ఇల్లు గడుస్తుందా? ఈ వయసులో ఉద్యోగం సంపాదించినవాళ్ళుంటే, ముందు ఎవరిని కలిశారో దయచేసి చెప్పండి.