స్ప్లెండర్ టైమింగ్: స్ప్రాకెట్ గుర్తు అర పన్ను పక్కకి ఎందుకు ఉంటోంది?

తెనాలి బండి:
అన్నలూ, నాన్నగారి 2003 స్ప్లెండర్ ఇంజన్ మొదటిసారి నా చేత్తో నేనే విప్పాను. బోరు కొట్టించి 0.50 పిస్టన్, కొత్త రింగులు వేశాను. టైమింగ్ దగ్గరే, అంటే పిస్టన్ కదలికకి వాల్వులు తెరుచుకోవడాన్ని కుదర్చడం దగ్గరే ఇరుక్కుపోయా. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర ఉండే మ్యాగ్నెట్ మీద గీతని కేసింగ్ గుర్తుకి ఎదురుగా పెడితే, క్యామ్ స్ప్రాకెట్ (వాల్వులు తెరిచే క్యామ్‌ని తిప్పే పళ్ళ చక్రం) మీది సున్నా గుర్తు హెడ్ (వాల్వులుండే పై భాగం) గాటుకి కలవడం లేదు. చెయిన్ ఒక పన్ను ముందుకి వేస్తే దాటిపోతుంది, వెనక్కి వేస్తే అందదు. నిన్న అయ్యేది అవుతుందిలే అని బిగించి కిక్ కొడితే కార్బురేటర్‌లోంచి టప్పుమని వెనక్కి కొట్టింది. మళ్ళీ హెడ్ దించేశా. వాల్వులు వంగాయేమోనని ఒకటే టెన్షన్.

గేరుబాక్స్:
పిస్టన్ గ్యాసుని నొక్కే కంప్రెషన్ స్ట్రోక్ కాకుండా, పొగని బయటికి తోసే ఎగ్జాస్ట్ స్ట్రోక్ మీద పెట్టి ఉంటారు. క్రాంక్ ఇంకో చుట్టు తిప్పి చూడండి.

పానా 14:
అది కాదు బాబూ. ఈ బండికి మ్యాగ్నెట్ ప్రతి చుట్టుకీ ప్లగ్గుకి కరెంటు ఇస్తుంది. ఏ చుట్టులో కట్టినా పర్లేదు, క్యామూ క్రాంకూ ఒకదానికొకటి కుదిరితే చాలు.
తమ్ముడూ, నువ్వు చూసిన గీత టీ యేనా, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు? దానికి కాస్త ముందు ఎఫ్ గీత ఉంటుంది, అది స్పార్క్ పడే చోటు. మసి పట్టాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి, ఎఫ్ మీద పెడితే పైన స్ప్రాకెట్ దగ్గర సరిగ్గా నువ్వు చెప్పినంత తేడాయే వస్తుంది. హెడ్ ఎలాగూ దించావు కదా, పిస్టన్ మీద బొటనవేలు పెట్టి మ్యాగ్నెట్ మెల్లగా తిప్పు. పైకి వచ్చి ఒక్క క్షణం ఆగినట్టుంటుంది, అప్పుడు ఏ గీత ఎదురుగా ఉందో చూడు.
వాల్వుల సంగతికి, హెడ్‌ని ఒక్కో పోర్టు (గ్యాస్ వచ్చే, పొగ పోయే దారి) పైకి ఉండేలా పెట్టి, అందులో కొంచెం పెట్రోలు పోసి పావుగంట వదిలెయ్. వాల్వు కూర్చునే సీటు చుట్టూ చెమ్మ రాకపోతే వంగలేదు.

గేరుబాక్స్:
నిజమే, నేనే తప్పు చెప్పాను. చెయిన్ పాతదేనా? సాగిన చెయిన్ అయితే గుర్తు కొంచెం వెనకబడే ఉంటుంది.

తెనాలి బండి:
చెయిన్ కొత్తదే అన్నా. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే ముందు ఎఫ్, ఆ వెనకే టీ కనిపించాయి. ఇన్నాళ్లూ ఎఫ్ మీదే కడుతున్నా! పెట్రోలు ఎక్కడా కారలేదు.

పానా 14:
మ్యాగ్నెట్‌ని బండి నడిచే దిక్కుకే తిప్పు, అంటే ఎడమ పక్క నుంచి చూస్తే గడియారానికి ఎదురుగా. గుర్తు దాటిందని వెనక్కి లాగితే చెయిన్ వదులై నిన్ను మోసం చేస్తుంది, మళ్ళీ రెండు చుట్లు తిప్పి రా. చెయిన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ బిగించాక కూడా రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూడు. పానాకి ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపెయ్, బలం పెట్టకు.

తెనాలి బండి:
కట్టేశాను. రెండు చుట్ల తర్వాత కూడా సున్నా గాటుకి ఎదురుగానే ఉంది. అయిదో కిక్కుకి అందుకుంది. నాన్నగారు బయటికొచ్చి, పొగ తగ్గిందా లేదా అని మాత్రం అడిగారు.