చుట్టూ వజ్రాలున్న ఉంగరం: ఏ కట్ తీసుకోవాలి?

మాది కర్నూలు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాలు వెతుక్కునే జిల్లా. (ఒకసారి మేమూ వెళ్లాం, చెప్పులకు బురద తప్ప ఏమీ దొరకలేదు.) వచ్చే నెలకు మా పెళ్లయి 25 ఏళ్లు. మా ఆవిడకు తెలియకుండా ఎటర్నిటీ రింగ్, అంటే చుట్టూ ఒకే సైజు వజ్రాలు పొదిగిన ఉంగరం, కొందామని ఉంది.

షాపులో రౌండ్ (గుండ్రం), ప్రిన్సెస్ (చదరం) కట్‌లు, అంటే రాయిని కోసే తీరులు, చూపించారు. రౌండ్ బ్రిలియంట్‌కు 57 లేదా 58 ముఖాలుంటాయి, ఆ తళుకు అందుకే అన్నారు. లైట్ల కింద అన్నీ మెరిశాయి. గుమ్మం దగ్గరికి తెచ్చి చూస్తే మూడు రాళ్లు మధ్యలో మసకగా ఉన్నాయి. అది కట్ లోపమా, క్లారిటీ (రాయి లోపలి స్వచ్ఛత) లోపమా? సర్టిఫికెట్‌లో మొత్తం బరువు 1 క్యారెట్ అని ఉంది, కట్ గ్రేడ్ మాత్రం లేదు. చిన్న రాళ్లకు ఇవ్వరా?

అసలు టెన్షన్ సైజుతోనే. ఆవిడ వేళ్లు సాయంత్రానికి ఉబ్బుతాయి. చుట్టూ రాళ్లుంటే తర్వాత వదులు చేయడం కష్టమట. సగం వరకే రాళ్లున్నది కొనమంటాడు మా బావమరిది. "సగమేంటి?" అని ఆవిడ అడిగితే ఏం చెప్పను? పైగా రోజూ పిండి కలిపే చెయ్యి. ప్రాంగ్స్‌తో, అంటే చిన్న కొక్కేలతో, పట్టినవి మేలా, గాడిలో కూర్చోబెట్టినవా? వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.